ఏడుపు ఆగిన కాడ

సూర్యాపేటల ఇంగ్లీషు చెప్పే జగన్ సారును మీరు చూసే ఉంటరు. మడత చెదరని అంగీ, జేబుల రెండు పెన్నులు. బండి మీద పోతుంటే ఎవడన్నా పిల్లగాడు మధ్యాహ్నం పూట గుడ్ మార్నింగ్ అన్నడనుకో, బండి ఆపి, గుడ్ ఆఫ్టర్నూన్ అనిపించి గానీ కదలడు. మంచి మనిషి, ఎవరి జోలికీ పోడు. అయినా గీయన ముచ్చట చెప్పాలంటే నాకు ముందుగాల కోపమొస్తది. ఎందుకొస్తదో మీకే తెలుస్తది, జర వినుండ్రి.

పెద్దవూర దాటి లోపలికి పోతే వచ్చే తండా ఆయనది. రమావత్ జగన్. బడి బోర్డు మీద మాత్రం ఆర్. జగన్ అని ఉంటది. ఆ 'ఆర్' అంటే ఏంది సార్ అని ఎవరన్నా అడిగితే "ఇంటిపేరు లెండి" అని నవ్వి దాటేసేటోడు. దాచుకునుడు ఆయనకు ఊరికే రాలే. మొదట పనిచేసిన బడిల ఒక పిల్లగాని తండ్రి ఆఫీసు రూముల కూసొని, "ఈయనకు ఇంగ్లీషు ఏడ్నుంచి వస్తది, రిజర్వేషన్ల వచ్చిన సర్టిఫికెటే గద" అన్నడు. జగన్ అప్పుడు తలుపు బయటనే నిలబడి ఉన్నడు. ఆ రోజు పాఠం చెప్పకుండ పిల్లలకు రాతపని ఇచ్చి కూసున్నడు. సూర్యాపేటకు వచ్చినంక ఇగ ఎవరికీ తెలియనియ్యొద్దని గట్టిగ అనుకున్నడు. బాధ నిజమే, కాదనం. కానీ ఆ బాధను తీస్కపోయి ఎవరి నెత్తిన పెట్టిండు? పెండ్లాం నెత్తిన పెట్టిండు.

పెండ్లాం పేరు మంగ్లీ. త్రిపురారం దిక్కు తండా. చిన్నప్పుడే తల్లి పోతే పెద్దమ్మ సాకింది. నవ్వితే పక్కింటికి వినవడాలె, ఏడిస్తే వాడకు వినవడాలె, గసొంటి మనిషి. గీమెను తెచ్చి పై అంతస్తు కిరాయింట్ల పెట్టి, "ఫోన్ల మన భాష మాట్లాడితే కిటికీ ఎయ్యి" అన్నడు మనోడు.

"కిటికీ ఏస్తే సిగ్నల్ రాదు" అన్నది మంగ్లీ నవ్వుకుంట.

"అయితే మెల్లగ మాట్లాడు."

మెల్లగ మాట్లాడుడు ఆమెకు చేతగాదు. కొన్నాళ్ళకు బాత్రూములకు పోయి, నల్లా ఇప్పి, ఆ నీళ్ళ సప్పుడు చాటున పెద్దమ్మతోని మాట్లాడుకునేది. ఇంట్ల ఉండి దొంగతనంగ తల్లిభాష మాట్లాడుకునే గతి పట్టింది పిల్లకు. జగన్ ఆ నల్లా సప్పుడు విని, పోనీలే మంచిగ అర్థం చేసుకున్నది అనుకున్నడు.

ఆ పెద్దమ్మ పోయిన నాడు బడిల పరీక్షలు నడుస్తున్నయ్. "నేను కదిలేటట్టు లేదు. నువ్వొక్కదానివే ఏడ్సుకుంట దిగిపోతే ఓనరోళ్ళు ఏ ఊరు, ఏ తండా అని అడుగుతరు. పెద్దకర్మకు పోదాం" అన్నడు. పెద్దకర్మ నాటికి ఇంకేదో అడ్డమొచ్చింది. ఆ నాడు మంగ్లీ పొద్దుందాక జొన్నరొట్టెలు చేస్తనే ఉన్నది, తినేటోళ్ళు ఎవరన్నది చూస్కోకుండ.

వాళ్ళ తండాలల్ల ఒక పద్ధతున్నది. శానా రోజులకు కలిసిన ఆడోళ్ళు ముందు పలకరించుకోరు. ఒకరి మెడ మీద ఒకరు చేతులేసి, రాగం తీసి ఏడుస్తరు. ఆ ఏడుపులనే అన్నీ వస్తయ్, ఎవరు పుట్టిండ్రు, ఎవరు పోయిండ్రు, పోయినామె ఎంత మంచిది, నువ్వు రాకపోతివి గదనే అని. అంతా అయినంక ఇంటాయన చెంబుల నీళ్ళు తెచ్చి ఇద్దరి చేతులల్ల పోస్తడు. మొఖాలు కడుక్కుంటరు. అప్పుడుగానీ కలుసుకున్నట్టు కాదు. నడుమ ఆపితే కలవనట్టే.

ఇగ అసలు సంగతికొస్త. బడి కరస్పాండెంటు ఉప్పలయ్య సారుది కోదాడ. ఆయన బిడ్డ నిశ్చితార్థం అక్కడి బైపాస్ పక్కన ఫంక్షన్ హాల్ల పెట్టిండు. సార్లందరినీ భార్యలతోని రమ్మన్నడు. జగన్ మంగ్లీకి కొత్త చీర కొన్నడు, బండి మీద తీస్కపోయిండు, తొవ్వ పొడుగునా "ఎక్కువ మాట్లాడకు, నవ్వితే సరిపోతది" అని చెప్పుకుంటనే పోయిండు.

గాడ ఆమెను ఆడోళ్ళ నడుమ కూసోవెట్టిండు గానీ, నా భార్య అని ఎవరికీ చూపియ్యలే. భోజనాలు అయినయ్. మంగ్లీ చెయ్యి కడుక్కోను హాలు ఎనక దిక్కు పోయింది. గాడ బోళ్ళు తోముకుంట కూసున్నది వనిత. పెద్దమ్మ కన్నబిడ్డ. మిర్యాలగూడల ఉండి, వంటోళ్ళ జట్టుతోని ఊరూరు తిరుగుతున్నది. తల్లి పోయినంక చెల్లెను సూసుడు అదే మొదలు. ఇద్దరూ ఒక్క గడియ సూసుకున్నరు. వనిత బూడిద చేతులు కొంగుకు తుడుసుకొని లేచింది. మంగ్లీ ఉరికిపోయి మెడ మీద పడ్డది.

ఆ ఏడుపు హాలంత వినవడ్డది. వియ్యంకులు లేచి నిలబడ్డరు. ఫోటోలాయన కెమెరా దించిండు. ఉప్పలయ్య సారు పరేషానై ఎనక తలుపు కాడికి వచ్చిండు, పక్కనే జగన్ ఉన్నడు.

"ఏంటి మాస్టారూ, ఎవరు పోయారు? ఆవిడ ఎవరు?" అన్నడు సారు.

మంగ్లీ వాళ్ళకు నాలుగు అడుగుల దూరంల ఉన్నది. జగన్ నోటెంట వచ్చిన మాట ఇది: "ఎవరో సార్. వంటోళ్ళ తాలూకు మనుషులనుకుంట." అని ఊకోలే. రెండడుగులు ముందుకేసి, అసొంటోళ్ళను గదమాయించినట్టే, "ఏయ్, ఆపుండ్రి. శుభకార్యం జరుగుతున్నది" అన్నడు.

ఏడుపు టక్కున ఆగింది. మంగ్లీ చేతులు వనిత మెడ మీద అట్లనే ఉన్నయ్, తల మాత్రం తిప్పి మొగుణ్ణి సూసింది. కోపంగ కాదు. ఎవరో కొత్త మనిషిని గుర్తువట్టనీకి సూసినట్టు సూసింది. జగన్ ఆ చూపు కింద నిలబడలేకపోయిండు. బయటికొచ్చి బండి తీసి, పెండ్లాన్ని గాడనే వదిలేసి ఎల్లిపోయిండు.

మునగాల కాడ చాయ హోటలు ముంగట బండి ఆపిండు. ఎనకకు మలుపుదామా అనుకున్నడు. చాయ తాగిండు. మలుపుతే సార్లందరూ గాడనే ఉంటరు, ఆమెను బండెక్కించుకుంటే అందరికీ తెలిసిపోతది గద. ఆమెనే బస్సెక్కి వస్తదిలే అని తనకు తాను చెప్పుకొని సూర్యాపేటకు పోయిండు. ఆ రోజు మంగ్లీ వంటోళ్ళ వ్యానెక్కి, గుండిగల నడుమ కూసొని, వనిత ఎంబడి మిర్యాలగూడకు పోయింది. మళ్ళ రాలే.

ఓనరోళ్ళు అడిగితే తల్లిగారింటికి పోయిందన్నడు. బడిల అడిగితే బాగలేదన్నడు. ఫోన్ చేస్తే ఆమె ఎత్తలే. ఒక్కసారన్నా మిర్యాలగూడ బస్సెక్కిండా అంటే ఎక్కలే. పోతే ఆ చూపు మళ్ళ సూడాలె గద. ఆఖరికి కోర్టు కాడ ప్రత్యూష అనే చిన్న లాయరమ్మను కలిసి, నోటీసు పంపుండ్రి అన్నడు.

"ఎందుకు పోయింది సార్?" అని అడిగింది ప్రత్యూష.

"చిన్న మాటకు అలిగింది మేడం."

"ఆ చిన్న మాట ఏంది?"

"అది… ఇంటి ముచ్చట."

ఆమె ఇగ రెట్టించలే. కాపురానికి తిరిగి రావాలె అని ఇంగ్లీషుల రాస్తుంటే, మనోడు ముందుకొంగి, "గాడ రిజ్యూమ్ అని పెట్టుండ్రి మేడం, అది సరైన మాట" అన్నడు. పెండ్లాం పోయినా సారుగిరి పోలే.

నోటీసు అందినంక మంగ్లీనే ఫోన్ చేసింది. ఇన్ని నెలల తర్వాత ఆ గొంతు వినంగనే జగన్ మంచం మీద కూసున్నడు.

"ఏదో ఇంగ్లీషు మాట రాయించినవంట. వనితక్క బిడ్డ చదివింది, దానికి తెల్వదన్నది. సారువు నువ్వే గద, అర్థం చెప్పు."

"మళ్ళ మొదలువెట్టుడు" అన్నడు జగన్.

"ఏడ్నుంచి?"

"మొదటినుంచి. అయిందేదో అయింది, అంతా కొత్తగ."

"అట్లనా" అన్నది మంగ్లీ. ఫోన్ పెట్టేసింది.

చూడుండ్రి మరి. పదిమందికి ఇంగ్లీషు చెప్పి బతికేటోడు, చదువు చెప్పుమని పెండ్లాం ఒక్కసారి అడిగితే, తెలిసి తెలిసి తప్పు అర్థం చెప్పిండు.

ఆ మరునాడే ఎనిమిదో తరగతిల ఆ మాట వచ్చింది. పాఠంల ఉన్నది, తప్పించుకునేటట్టు లేదు. జగన్ బోర్డు మీద రాసి, ఏటేటా చెప్పినట్టే చెప్పుడు మొదలువెట్టిండు. "మ్యాచ్ నడుస్తున్నది. వాన వచ్చింది. ఆట ఆగింది. వాన ఎలిసినంక ఆట రిజ్యూమ్ అయింది. అప్పుడు స్కోరు సున్నా నుంచి మొదలైతదా?"

"కాదు సార్" అన్నరు పిల్లలు.

"మరి? ఆగినప్పుడు ఎంతున్నదో గంతే. ఔటైనోడు ఔటే. ఎవరు ఏ కాడ నిలబడ్డరో మళ్ళ అదే కాడ నిలబడాలె. అంతా తుడిచేసి కొత్తగ మొదలువెడితే అది రీస్టార్ట్. రిజ్యూమ్ అంటే…"

ఆడ్నే ఆగిపోయిండు. ఎవరు ఏ కాడ నిలబడ్డరో అదే కాడ. తను ఏ కాడ నిలబడ్డడో కండ్లముంగట కనవడ్డది. హాలు ఎనక తలుపు, నాలుగడుగుల దూరంల మంగ్లీ, తన నోట్ల "ఎవరో సార్". అంతమంది పిల్లలు తననే సూస్తుంటే అందరికీ తెలిసిపోయినట్టే అనిపించింది. "మిగిలింది రేపు చెప్పుకుందాం" అని బయటికొచ్చి, వరండాల నిలబడి ఫోన్ చేసిండు.

"నిన్న తప్పు చెప్పిన" అన్నడు. కిటికీలు, తలుపులు అన్నీ తెరిచే ఉన్నయ్, అయినా తండా భాషలనే అన్నడు. "ఆ మాటకు అర్థం, ఆగిన కాడ్నుంచి మొదలువెట్టుడు."

మంగ్లీ మెల్లగ, ఆమె గొంతుకు అలవాటు లేనంత మెల్లగ చెప్పింది. "నేను, అక్క ఒక్క ఇంట్ల ఉంటున్నం. ఒక్క కంచంల తింటున్నం. అయినా ఇంకా కలవనట్టే ఉన్నది మాకు. పెద్దమ్మ కోసం ఏడ్సిన ఏడుపు గాడనే ఆగిపోయింది, ఇంట్ల ఏడుద్దామంటే రాదు. ఉప్పలయ్య సారు బిడ్డ పెండ్లి గదే హాల్ల. వంటలు మా జట్టువే. నేను గూడ పనికొస్తున్న. మాట్లాడేది ఉంటే గాడికొచ్చి మాట్లాడు. కోర్టుల గాదు."

పెండ్లినాడు జగన్ ఒక్కడే కోదాడ పోయిండు. తొవ్వంత మాటలు కూర్చుకున్నడు. ఇట్లనాలె, అట్లనాలె అని. హాలు గుమ్మంల ఉప్పలయ్య సారు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నడు.

"రండి మాస్టారూ, రండి. మేడం గారు రాలేదేంటి? ఆరోజు కూడా తొందరగా వెళ్ళిపోయారు."

"ఊరికి పోయింది సార్" అన్నడు జగన్.

అనేసిండు. తొవ్వంత కూర్చుకున్న మాట ఒక్కటి రాలే, అబద్ధమే ముందుగాల తయారుగ ఉన్నది. ఆగిన కాడ్నుంచే మొదలువెట్టిండు గద మనోడు, పోయినసారి ఏ అబద్ధం కాడ ఆపిండో గా అబద్ధం కాడ్నుంచే. అది ఆయనకే తెలిసొచ్చింది. నిలువునా సిగ్గైంది. కాళ్ళు ఎనకకు పోతమంటున్నయ్, సార్లు చెయ్యి పట్టి పంక్తిల కూసోవెట్టిండ్రు.

ఇస్తరాకులు ఏసిండ్రు. పక్కన లెక్కల సారు సురేందర్, ఎదురుంగ సైన్సు మేడం. ఉప్పలయ్య సారు స్వయంగ నిలబడి, మాస్టార్లకు బాగా వడ్డించండమ్మా అని చెప్తున్నడు. పప్పు వచ్చింది, కూరలు వచ్చినయ్. అన్నం బేసిన్ పట్టుకొని వస్తున్నది మంగ్లీ. వంటోళ్ళు ఇచ్చే ఎర్రచీర కట్టింది, జుట్టు ముడేసింది. ఒక్కో ఇస్తరాకు కాడ వంగి వడ్డించుకుంట వస్తున్నది. జగన్ తల దించిండు. ఆమె కాళ్ళు తన ముంగటికొచ్చి ఆగినయ్.

"అన్నం వెయ్యమంటరా, సార్?"

అందరిని అడిగినట్టే అడిగింది. ఎత్తిపొడుపు లేదు, గొంతుల ఏ తేడా లేదు. ఎవరో అన్నవు గద, ఎవరోనే ఉంట అన్నట్టు. ఆ 'సార్' అన్న మాట జగన్‌కు చెంప మీద కొట్టిన దానికంటే ఎక్కువైంది. రోజూ వందసార్లు వినే మాట అది.

లేచి నిలబడ్డడు. ఎందుకు లేచిండో పంక్తిల ఎవరికీ అర్థం కాలే.

"ఉప్పలయ్య సార్" అన్నడు. "ఈమె ఊరికి పోలే. గిప్పుడు మీకు అబద్ధం చెప్పిన. ఈమె మంగ్లీ, నా భార్య. ఆ రోజు ఇక్కడ ఏడ్సింది ఈమెనే. ఎవరో సార్ అన్న నేను. మాది తండా. నా పేరు రమావత్ జగన్."

పంక్తి అంత నోట్ల ముద్ద పెట్టుకోకుండ ఆగింది. సాంబారు బకెట్ పట్టుకున్నామె ఆడ్నే నిలబడ్డది. ఉప్పలయ్య సారు కండువా తీసి మళ్ళ ఏసుకున్నడు. జగన్ దిక్కు సూడలే. మంగ్లీని సూసి, "ఆరోజు ఎవరు పోయారమ్మా?" అని అడిగిండు.

"మా పెద్దమ్మ, సార్. నన్ను సాకినామె. కడసారి సూపుకు పోలే నేను."

"అయ్యో తల్లీ" అన్నడు ఆ పెద్దమనిషి.

సురేందర్ సారు జగన్ చెయ్యి గుంజి కూసోవెట్టి, వినవడీ వినవడనట్టు, "మాకెందుకు చెప్పలేదన్నా, మేమేమన్నమే నిన్ను?" అన్నడు. తిట్టినా అంత బాధ అనిపించకపోవు జగన్‌కు. ఎవరి భయానికైతే పెండ్లాన్ని ఎవరో అన్నడో, వాళ్ళల్ల ఒకడు గిట్ల మాట్లాడుతుండు.

మంగ్లీ ఆయన ఇస్తరాకుల అన్నం ఏసింది. పక్క ఇస్తరాకుకు జరిగింది. పంక్తి ఆఖరుదాక అట్లనే వడ్డించుకుంట పోయి, ఎనక తలుపుల మాయమైంది. జగన్ ఆ అన్నం కలిపి తిన్నడు. తల ఎత్తలే. అందరి చూపులూ వీపు మీద తెలుస్తనే ఉన్నయ్, అయినా లేచి పోలే. ఇంతకు ముందు అక్కడ్నుంచి లేచి పోయింది గుర్తుండే.

తిన్నంక ఎనక దిక్కు పోయిండు. బోళ్ళ కాడ వనిత నిలబడి ఉన్నది, ఎదురుంగ మంగ్లీ. జగన్‌ను సూసిండ్రు, సూడనట్టే ఉన్నరు. వనిత చేతులు కొంగుకు తుడుసుకున్నది. ఇగ మంగ్లీ పోయి ఆమె మెడ మీద చేతులేసింది, రాగం లేచింది. యాడీ, యాడీ అని, అంటే అమ్మా అని, పెద్దమ్మను పిలుచుకుంట ఇద్దరూ ఏడుస్తుంటే, పెండ్లికొచ్చినోళ్ళు ఒక్కొక్కరు ఎనక తలుపు కాడికి రాబట్టిండ్రు. సురేందర్ సారు వచ్చిండు, సైన్సు మేడం వచ్చింది.

పట్టుచీర పెద్దామె ఒకామె మొఖం చిట్లించి, "శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఇదేంటమ్మా? ఎవరన్నా ఆపండి" అన్నది.

"ఆపొద్దమ్మా" అన్నడు జగన్. "అక్కచెల్లెండ్లు కలుసుకుంటుండ్రు. మా తండాలల్ల గిట్లనే కలుసుకుంటరు."

ఆ 'మా' అన్న మాట నోటెంట వచ్చినందుకు ఏం గర్వపడలే. ఇన్నేండ్లు రానందుకు ఇంకింత సిగ్గుపడ్డడు. వంటపొయ్యిల కాడికి పోయి, చెంబు దొరకలే, ఒక స్టీలు మగ్గు నిండ నీళ్ళు ముంచుకొచ్చి, వాళ్ళకు నాలుగడుగుల దూరంల నిలబడ్డడు. ఇంటాయన నిలబడాల్సిన కాడనే నిలబడ్డడు గానీ, ఇంటాయన అంటరో అనరో తెల్వదు. అంగీ మీద నీళ్ళు ఒలికి ఇస్త్రీ చెదిరింది. ఏడుపు శానా సేపు నడిచింది. పెద్దమ్మ రొట్టెలు వచ్చినయ్, పెద్దమ్మ తిట్లు వచ్చినయ్, కడసారి సూపుకు రానియ్యని మొగుడు గూడ వచ్చిండు ఆ రాగంల. అదంతా అందరి ముంగట నిలబడి విన్నడు. ఆ భాష అక్కడ అర్థమయ్యేటోడు మగోళ్ళల్ల ఆయనొక్కడే.

ఏడుపు మెల్లగ తగ్గింది. ఇద్దరూ విడివడి, తడి మొఖాలతోని ఒకరినొకరు సూసుకున్నరు. జగన్ మగ్గు పట్టుకొని ముందుకొచ్చిండు. మంగ్లీ మొఖం తిప్పి సూసింది. ఈసారి గుర్తువట్టిన మనిషిని సూసినట్టే సూసింది, క్షమించినట్టు మాత్రం లేదు. తన చేతులు చాపలే.

"ముందు అక్కకు పొయ్యి" అన్నది.

జగన్ వనిత చేతులల్ల నీళ్ళు పోసిండు.